చదరంగపు గడులలో వడ్లగింజలు
పావులూరి మల్లన పేర నిలిచిన ఇరవై అంకెల మహాసంఖ్య

కృష్ణా తీరాన తెల్లవారుతుండగానే అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుంటూ, గడులు గీసిన పుస్తకంలో రామనామం వ్రాసుకునే పెద్దలు నేటికీ మనకు కనిపిస్తారు. 'ఎంతవరకు వచ్చిందమ్మా?' అని అడిగితే, 'ఇంకా లక్షల్లోనే ఉన్నాను నాయనా, కోటి ఎప్పటికో!' అని నవ్వుతారు. ఇంద్రకీలాద్రిపై దసరా నవరాత్రులలో లక్ష కుంకుమార్చన, కార్తికంలో లక్ష బిల్వార్చన, లక్ష వత్తుల నోము, జీవితకాలపు రామకోటి... మన భక్తి సంప్రదాయంలో సంఖ్యకు ఉన్న స్థానం చిన్నది కాదు. అయితే ఆ సంఖ్యల లోపల ఏముందో తొంగిచూసేవారు తక్కువ. లక్ష అన్నా, కోటి అన్నా, కోటానుకోట్లు అన్నా మనకు అన్నీ 'చాలా' అనే ఒక్క మాటలో కలిసిపోతాయి.

అలా కలిసిపోకుండా, ఒక మహాసంఖ్యను ఒక్క అంకె కూడా జారిపోనీయకుండా తెలుగు పద్యంలో బంధించి మనకు అందించిన ఘనత పావులూరి మల్లన పేర నిలిచి ఉంది. ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. మాటల్లో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటికోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను.

తొలి తెలుగు గణితకవి

క్రీస్తుశకం తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రచించాడు. దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన పదకొండవ శతాబ్దంలో, నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుని కాలంవాడని కొందరు, ఆ తరువాతి తరాలవాడని మరికొందరు పండితులు చెబుతారు. ఏది ఏమైనా తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు ఆద్యుడు ఆయనే అన్నది ప్రసిద్ధి. ఆయన ఇంటిపేరుకు మూలమైన పావులూరు ఇంకొల్లు సమీపంలోని గ్రామం. 2022 నాటి జిల్లాల పునర్విభజన తరువాత అది బాపట్ల జిల్లాలో ఉంది.

మల్లన చేసినది కేవలం అనువాదం కాదు. మూలంలోని జైన సంబంధమైన ఉదాహరణలను శివపరంగా మార్చుకుని, తెలుగువారి ఇంటి లెక్కలుగా తీర్చాడు. మహావీరాచార్యుడు కొన్ని గుణకారాల ఫలితాలను కంఠహారాలతో పోల్చి ఆనందించాడు. 14,28,57,143ను ఏడుతో గుణిస్తే 100,00,00,001 వస్తుంది. రెండు చివరల రెండు మణులు, నడుమ సున్నల ముత్యాలు! ఎటునుంచి చదివినా ఒక్కటే. అంకెలలో హారం కట్టవచ్చునని భావించిన ఆ హృదయానికి మల్లన వారసుడు.

రాజుగారి గర్వం - అరవై నాలుగు గడులు

ఇక ఆ మహాసంఖ్య కథ. చదరంగాన్ని కనిపెట్టిన విద్వాంసుని మెచ్చి రాజు 'ఏం కావాలో కోరుకో' అన్నాడట. 'మొదటి గడిలో ఒక్క గింజ, రెండవ గడిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టించి అరవై నాలుగు గడులకూ గింజలు ఇప్పించండి చాలు' అన్నాడు విద్వాంసుడు. 'ఇంతేనా!' అని రాజు నవ్వాడు. ఆ నవ్వు ఎంతసేపు నిలిచిందో మన డెల్టా వడ్లతోనే కొలిచి చూద్దాం.

బాపట్ల వ్యవసాయ పరిశోధకులు 1986లో అందించిన బి.పి.టి. 5204 రకం, అంటే సాంబమసూరి, మన కృష్ణా డెల్టా ఇంటింటి ధాన్యం. సన్నగింజ. వెయ్యి గింజల తూకం సుమారు 15 గ్రాములు అనుకుందాం. చదరంగపు మొదటి వరుస ఎనిమిది గడులకు కలిపి 255 గింజలు. నాలుగు గ్రాములైనా ఉండవు, మూడు వేళ్ల సందున పట్టేటంత. రెండు వరుసలకు 65,535 గింజలు, కిలోకు కాస్త తక్కువ. మూడు వరుసలకు మూడు బస్తాలు దాటుతాయి. నాలుగు వరుసలకు, అంటే సగం పలకకు, 429,49,67,295 గింజలు. తూకం 64 టన్నుల పైచిలుకు. 75 కిలోల బస్తాల లెక్కన 859 బస్తాలు. ఎకరాకు 30 బస్తాల దిగుబడి అనుకుంటే ఇరవై తొమ్మిది ఎకరాల మోతుబరి రైతు ఒక పంట. ఇంతవరకు రాజుగారి నవ్వు చెదరలేదు. గాదెలో ఒక మూల ఖాళీ అయింది, అంతే.

అసలు కథ రెండవ సగంలో ఉంది. అయిదవ వరుస ముగిసేసరికి పదహారు వేల అయిదు వందల టన్నులు. ఆరవ వరుసకు 42 లక్షల టన్నులు. 1855లో నాటి ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజి కృష్ణమ్మను మళ్లించి సస్యశ్యామలం చేసిన మన డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. అంతటా వరి వేసి, ఎకరాకు 30 బస్తాలు పండినా వచ్చేది 29 లక్షల టన్నుల పైచిలుకే. అంటే ఆరవ వరుస నిండకుండానే డెల్టా అంతా ఊడ్చుకుపోయింది. ఏడవ వరుసకు 108 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు మాత్రమే! ఎనిమిదవ వరుస ముగిసేసరికి తూకం 27,670 కోట్ల టన్నులు. లోకమంతా 346 ఏళ్లు పండించాలి. మన డెల్టా ఒక్కటే ఏడాదికి ఒక పంట చొప్పున ఇవ్వాలంటే సుమారు 94,600 ఏళ్లు పడుతుంది. కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలని మన పంచాంగాలు చెబుతాయి. అందులో అయిదవ వంతుకు పైబడిన కాలమన్నమాట!

పద్యంలో దాగిన అంకెలు

ఇంత పెద్ద సంఖ్యను తాటాకు మీద అంకెలలో వ్రాస్తే, నకలు తీసేవారి చేతిలో ఒక్క అంకె తారుమారు కావడం ఎంతసేపు? అందుకే మన పూర్వులు భూతసంఖ్యలనే ఉపాయాన్ని ఆశ్రయించారు. చంద్రుడు ఒక్కడే కనుక ఒకటి. అగ్నులు మూడు. వేదాలు, సముద్రాలు, బ్రహ్మముఖాలు నాలుగు. మన్మథుని బాణాలు అయిదు. తర్కాలు ఆరు. కులపర్వతాలు ఏడు. దిగ్గజాలు ఎనిమిది. దేహంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం. ఈ పేర్లను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి.

మల్లన పేర ప్రసిద్ధమైన చంపకమాలలో ఈ ఇరవై అంకెలూ ఇలాగే కొలువుతీరాయి. ఒకట్ల స్థానంలో మన్మథుని బాణాలు నిలిచాయి. అన్నిటికంటే పైస్థానంలో చల్లని చంద్రుడు ఉన్నాడు. ఈ సంఖ్యలో నాలుగు అనే అంకె నాలుగుసార్లు వస్తుంది. కవి ఆ నాలుగింటినీ నాలుగు వేరువేరు మాటలతో చెప్పాడు. సముద్రానికి రెండు పేర్లు, వేదం ఒకటి, బ్రహ్మముఖం ఒకటి. అంకెలు చెబుతూనే లోకాన్నంతా ఒకసారి చూపించాడు. ఇక ఛందస్సు కావలివాడిలా నిలిచింది. ఒక మాట జారినా, మరొకటి చొరబడినా గణమో యతియో ప్రాసయో తప్పి చాలావరకు దొరికిపోతుంది. నేటి ఆధార్ సంఖ్యకు తప్పులు పట్టే ఏర్పాటు ఉన్నట్లే, ఆనాటి సంఖ్యకు పద్యమే రక్ష!

గురువు, లఘువు - మరొక చదరంగం

ఇంకొక చిత్రం చూడండి. పద్యపాదంలో ప్రతి అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. రెండే దారులు. ఒక్క అక్షరానికి రెండు రూపాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. మన అష్టగణాలు అవే. అక్షరం పెరిగినకొద్దీ వృత్తాల సంఖ్య రెట్టింపు. అంటే ఛందశ్శాస్త్రమే ఒక చదరంగపు పలక. ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 వృత్తాలు సాధ్యం. వాటిలో 3,55,799వది మన ఉత్పలమాల. ఇరవై ఒక్క అక్షరాలకు 20,97,152. వాటిలో 7,11,600వది చంపకమాల. రెట్టింపుల లెక్కను చెప్పిన పద్యం తానే రెట్టింపుల వరుసలో ఒక గడిగా కూర్చుని ఉంది!

ఈ లెక్కకు అరవై నాలుగుసార్లు రెట్టించే శ్రమ కూడా అక్కరలేదు. పింగళుని ఛందశ్శాస్త్రం చూపిన దారిలో వర్గం చేసుకుంటూ పోతే చాలు. రెండును రెండుతో గుణిస్తే నాలుగు. నాలుగును నాలుగుతో గుణిస్తే పదహారు. ఆపైన 256, ఆపైన 65,536, ఆపైన 429,49,67,296. దానిని మరొకసారి దానితోనే గుణిస్తే మన మహాసంఖ్యకు ఒక్కటి ఎక్కువ. ఆరే అడుగులు! ఆ ఒక్కటి తీసివేస్తే మల్లన సంఖ్య.

సంఖ్య గుణగణాలు

మనుషులకు జాతకం ఉన్నట్లే సంఖ్యకూ ఒక స్వభావం ఉంటుంది. ఈ సంఖ్య ఏడు ప్రధానసంఖ్యల గుణకారం: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ప్రధానసంఖ్య అంటే ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా భాగింపబడనిది. ఏడింటిలో ఏదీ రెండుసార్లు రాదు. అందువల్ల ఈ మహాసంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు సరిగ్గా 128. మూడుతో భాగింపబడుతుందని ఎవరైనా ఇట్టే చూసుకోవచ్చు. ఇరవై అంకెలనూ కూడితే 87 వస్తుంది. చివర అయిదు ఉంది కనుక అయిదు సంగతి చెప్పనవసరం లేదు.

వీటిలో 641, 67,00,417 బయటపడిన తీరు ఒక కథ. సగం పలక సంఖ్యకు రెండు కలిపితే 429,49,67,297. ఇది ప్రధానసంఖ్యే అని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దానిని 641 భాగిస్తుందని చూపి ఆ నమ్మకాన్ని సడలించాడు. మహామేధావి ఊహ సైతం లెక్క ముందు తల వంచవలసిందే. ఇక మన కాలంలో ఈ సంఖ్య మన జేబులోనే ఉంది. 64 గడుల ద్విసంఖ్యా పద్ధతిలో పనిచేసే నేటి కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు ఆ అరవై నాలుగు గడులలో నిలుపుకోగల అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదే. ఒక్కొక్క గడిలో సున్నయో ఒకటో, అంటే లఘువో గురువో!

రెండును రెట్టిస్తూ పుట్టిన ఈ సంఖ్యలో వెదికినా 'రెండు' అనే అంక లేదు. తల్లి పోలిక బిడ్డలో కానరానట్లు!

రామకోటి - చదరంగం

ఇప్పుడు మొదట చెప్పిన రామకోటి దగ్గరకు వద్దాం. రోజుకు వెయ్యి నామాల చొప్పున వ్రాస్తే కోటికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లు దాటుతుంది. మల్లన సంఖ్య అన్ని నామాలు వ్రాయాలంటే 1,84,467 కోట్లకు పైగా రామకోటులు కావాలి. లోక జనాభా 800 కోట్లు. పసిపిల్లలతో సహా ప్రతి మనిషీ 230 రామకోటులు వ్రాయాలి. ఒక్కొక్కరికి ఆరువేల ఏళ్లకు పైగా ఆయుర్దాయం ఉండాలి!

కోటికీ చదరంగానికీ మరొక బంధుత్వం ఉంది. కోటి అంటే ఏడు రెండ్లు, ఏడు అయిదులు కలిసిన గుణకారం. రెండ్లను సున్న నుంచి ఏడు వరకు ఎన్నైనా తీసుకోవచ్చు, ఎనిమిది విధాలు. అయిదులనూ అలాగే, ఎనిమిది విధాలు. వెరసి ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. కోటిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు సరిగ్గా అరవై నాలుగు! వాటిని వరుసల్లో పేర్చితే చదరంగపు పలక అవుతుంది. ఒక మూల ఒకటి, ఎదుటి మూల కోటి. మిగిలిన రెండు మూలల్లో 128, 78,125. ఆ రెండింటినీ గుణిస్తే సరిగ్గా కోటి. రెండింటిలోనూ ఒక్క సున్నయినా లేదు!

ఇది వినోదం మాత్రమే కాదు. సామూహికంగా రామకోటి సంకల్పించే భజన మండళ్లకు అక్కరకు వచ్చే లెక్క. 128 మంది చేరి, ఒక్కొక్కరు రోజుకు 625 నామాలు, 125 రోజులు వ్రాస్తే ఒక్క నామం ఎక్కువ కాకుండా, ఒక్కటి తక్కువ కాకుండా కోటి పూర్తవుతుంది. నాలుగు నెలలకు కాస్త పైన. ఒక మనిషికి ఇరవై ఏడేళ్ల దీక్ష, నలుగురూ కలిస్తే రెండు ఋతువులు దాటగానే నెరవేరుతుంది.

ఒక్క గింజ తక్కువ

ఈ సంఖ్యలో అన్నిటికంటే లోతైన గుణం మరొకటి ఉంది. ఏ గడి దగ్గర ఆగి చూసినా, అంతవరకు కూడబెట్టిన గింజలన్నీ కలిపినా తరువాతి గడికి కావలసిన దానికి ఒక్కటి తక్కువే. మూడు గడుల మొత్తం ఏడు, నాలుగవ గడికి కావలసినవి ఎనిమిది. ఎనిమిది గడుల మొత్తం 255, తొమ్మిదవ గడికి 256. అరవై నాలుగు గడుల దాకా ఈ నియమం తప్పదు. ఎంత పోగుచేసినా ముందున్న కోరికకు ఒక్క గింజ వెలితి! తృష్ణను గురించి మన పెద్దలు చెప్పిన మాటలన్నిటికీ ఇంతకంటే నికరమైన రుజువు ఎక్కడ దొరుకుతుంది?

అప్పు కూడా ఈ పలక మీది ఆటే. డెల్టాలో కౌలు రైతు నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చాడనుకోండి. ఏటేటా వడ్డీ అసలులో కలుస్తూ పోతే మూడేళ్లు దాటగానే రెట్టింపు. పదేళ్లకు 8 లక్షల 59 వేలు దాటుతుంది. ఇరవై ఏళ్లకు 73 లక్షలు దాటుతుంది. మొదటి గడులలో అప్పు కూడా రాజుగారికి గింజలు కనిపించినట్లే కనిపిస్తుంది, 'ఇంతేనా' అనిపిస్తుంది. పెళ్లి కోసం కుబేరుని వద్ద తెచ్చిన అప్పుకు శ్రీనివాసుడంతటివాడు కలియుగాంతం వరకు వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటూ, ఆయనను వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకునే జాతి మనది. ఆ పేరులో భక్తి ఉంది, ఆ వెనుక ఒక హెచ్చరిక కూడా ఉంది. సగం పలక దాటకముందే లెక్క చూసుకున్నవాడే గట్టున పడతాడు. ఇంట్లో ఎదిగే పిల్లలకు చదువుతోపాటు ఈ ఒక్క లెక్క నేర్పితే అది వారికి పెద్దలిచ్చే రక్షాకంకణమే.

రెట్టింపు అయ్యేది అప్పు ఒక్కటే కాదు. ఒకరు ఇద్దరికి నేర్పిన మంచిమాట, ఆ ఇద్దరు నలుగురికి చెప్పిన నామం కూడా అదే దారిలో పెరుగుతాయి. ఒక్కరితో మొదలై ప్రతిసారీ రెట్టింపు అవుతూ పోతే, ముప్ఫై మూడు మెట్లలో లోకంలోని 800 కోట్ల మందికీ అందుతుంది. పలక ఒక్కటే. దానిమీద ఏ గింజ వేస్తామన్నది మన చేతిలో ఉంది.

మరి ఇంతటి మహాసంఖ్య దైవం ముందు ఎంత? ఇరవై అంకెలైనా దానికి ఒక చివర ఉంది. ఒక పద్యంలో ఒదిగింది. దానికి ఒకటి కలిపితే మారుతుంది, ఒకటి తీస్తే తగ్గుతుంది. ఎంత కలిపినా పెరగనిది, ఎంత తీసినా తరగనిది మాత్రమే అనంతం. కోటానుకోట్లను లెక్కించడం నేర్చినవానికే ఆ తేడా తెలుస్తుంది. లెక్కకు అందేదాన్ని చివరిదాకా లెక్కించి, అందని దానికి చేతులు జోడించడమే మల్లన వంటి గణితకవి మనకు చూపిన దారి.

మహాసంఖ్య అయినా, రామకోటి అయినా మొదలయ్యేది మొదటి గడిలోని ఒక్కదానితోనే. రేపు ఉదయం అరుగు మీద పుస్తకం తెరిచే ఆ తల్లి వ్రాయబోయేదీ ఒక్క నామమే.